కొడుకు మారలేదు, లైను మారింది: ఫోన్‌లో మాట ఎందుకు ఆలస్యమవుతుంది, ఎందుకు తెగుతుంది?

నకిరేకల్‌లో ఒక ఇల్లు అనుకుందాం. ఇషా నమాజ్ అయ్యాక జెడ్డా నుంచి కొడుకు ఫోన్ చేస్తాడు. "సలాం అమ్మీ, తిన్నవా?" అంటాడు. "తిన్న బేటా, నువ్వు..." అని ఈమె మొదలుపెట్టేసరికే అటు నుంచి "అమ్మీ, వినపడుతుందా?" అని ఇంకో మాట వచ్చి పడుతుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు. ఇద్దరూ ఒకేసారి ఆగుతారు. "చెల్లె నిఖాకు ఎంత పంపుతవు?" అని అమ్మీ అడుగుతుంది. అటు నిశ్శబ్దం. కాసేపటికి సగం తెగిన జవాబు.

ఫోన్ పెట్టేశాక ఆమె మనసులో ఒకటే మాట. "వీడు ముందులెక్క లేడు. పైసల మాట ఎత్తంగనే ఆలోచిస్తున్నడు."

నిజానికి కొడుకు ఆలోచించలేదు. అడిగిన వెంటనే జవాబు చెప్పాడు. ఆ ప్రశ్న అటు చేరడానికి కొంత, జవాబు ఇటు రావడానికి కొంత టైం పట్టింది. ఈ అపార్థం మన ఇళ్లలోనే కాదు, అన్ని చోట్లా ఉన్నదే. బెర్లిన్ పరిశోధకులు ఫోన్ లైనులో కావాలని ఆలస్యం కలిపి మనుషుల చేత మాట్లాడించి చూశారు. 2014లో ఆ ఫలితాలు వచ్చాయి. ఆలస్యం పెరిగినప్పుడు జనం లైనును తప్పుపట్టలేదు. అవతలి మనిషే సరిగా వినడం లేదు, శ్రద్ధ లేదు అనుకున్నారు.

అందుకే ఈ సంగతి మన ఇళ్లలో తెలిసి ఉండాలి. ఫోన్ లైనులో రెండు వేర్వేరు జబ్బులు ఉంటాయి. ఒకటి ఆలస్యం, అంటే డిలే. రెండోది జిట్టర్, అంటే ఆలస్యం ఒక తీరుగా ఉండకపోవడం. ఒకదానికి వేసే మందు రెండోదాన్ని పెంచుతుంది. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఒకప్పుడు సీటు మనకే రిజర్వు

పాత ల్యాండ్‌లైన్ రోజుల్లో కాల్ కలిసిందంటే ఇక్కడి నుంచి అక్కడి దాకా ఒక దారి మనకే కేటాయించేవారు. మాట్లాడినా, మౌనంగా ఉన్నా ఆ దారి మనదే. దీన్నే సర్క్యూట్ అంటారు. 1984లో మొదలైన సీ-డాట్ సంస్థ మన దేశంలోనే డిజిటల్ ఎక్స్ఛేంజీలు తయారుచేసి పల్లెల దాకా తెచ్చింది. అవి కూడా ఈ పద్ధతిలోనే పనిచేశాయి.

డిజిటల్ ఎక్స్ఛేంజీ మన గొంతును సెకనుకు 8,000 సార్లు కొలుస్తుంది. ప్రతి కొలతకు 8 బిట్లు. అంటే సెకనుకు 64,000 బిట్లు. ఎక్స్ఛేంజీల మధ్య ఇలాంటి గొంతులను కలిపి మోసే లైనుకు ఈ-వన్ అని పేరు. దాన్ని ఒక బస్సు అనుకోండి. 32 సీట్లు. వాటిలో 30 మాటలకు, మిగిలిన రెండు లైను నడిపించే పనులకు. ప్రతి 125 మైక్రోసెకన్లకు, అంటే సెకనులో 8,000వ వంతుకు, ఒక బస్సు బయలుదేరుతుంది. ఏడో సీటు మీదైతే ప్రతి బస్సులోనూ ఏడో సీటు మీదే. మీరు ఎక్కకపోతే ఖాళీగా పోతుంది గానీ ఇంకొకరికి ఇవ్వరు.

ఖర్చు ఎక్కువే. కానీ ఒక లాభం ఉంది. బస్సులు టంచనుగా వస్తాయి. శాటిలైట్ మీదుగా పోయే కాల్స్ గుర్తున్నాయా? శాటిలైట్ భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట పైకి పోయి కిందికి రావడానికే దాదాపు పావు సెకను. ఆలస్యం బాగానే ఉండేది. కానీ ప్రతి మాటకూ అంతే ఆలస్యం. మాట ముక్కలయ్యేది కాదు. డిలే ఉంది, జిట్టర్ లేదు అన్నమాట.

ఇప్పుడు మాట ముక్కలై పోతోంది

ఇప్పటి నెట్‌వర్క్‌లో సీటు రిజర్వేషన్ లేదు. గొంతును చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్క మీద అడ్రస్ రాసి వదులుతారు. ఆ ముక్కే ప్యాకెట్. సాధారణంగా 20 మిల్లీ సెకన్ల మాటను ఒక ప్యాకెట్‌లో పెడతారు. అంటే సెకనుకు 50 ప్యాకెట్లు. వాట్సాప్ కాల్ ఇంతే. 2016 సెప్టెంబర్ 5న మొదలైన జియోలో మామూలు కాల్ కూడా ఇంతే. చాలా చోట్ల ల్యాండ్‌లైన్ కూడా ఈ దారికే మారింది.

మన 65వ నంబరు హైవేనే తీసుకోండి. నకిరేకల్ నుంచి హైదరాబాద్‌కు ప్రతి 5 నిమిషాలకు ఒక కారు చొప్పున పది కార్లు పంపారు. అన్నీ సరిగ్గా 2 గంటల్లో చేరితే ఎల్బీనగర్‌లో కూడా 5 నిమిషాలకొకటి చొప్పున దిగుతాయి. ఆ 2 గంటలు డిలే. ఇప్పుడు సంక్రాంతి తిరుగు ప్రయాణం రోజు అనుకోండి. పంతంగి టోల్‌గేటు దగ్గర వరుస కట్టారు. మొదటి కారు 2 గంటల్లో పోయింది. రెండోది మూడు గంటలు. మూడోది, నాలుగోది ఒకదాని వెనుక ఒకటి వచ్చి పడ్డాయి. బయలుదేరినప్పుడు సమానంగా ఉన్న ఎడం చేరేసరికి చెదిరిపోయింది. అదే జిట్టర్.

ప్యాకెట్లకు టోల్‌గేట్లు ఏవంటే రౌటర్లు. మీ ఇంటి వైఫై డబ్బా ఒకటి, వీధిలో ఫైబర్ కలిసే చోటు ఒకటి, టవర్ ఒకటి, ఆ తర్వాత కంపెనీవాళ్లవి ఎన్నో. ప్రతిచోటా వరుస ఉంటుంది. మీ గొంతు ప్యాకెట్ ముందు ఎవరిదో సినిమా డౌన్‌లోడ్ నిలబడి ఉంటే మీది ఆగాలి.

ఫోటో అయితే రెండు సెకన్లు లేటుగా వచ్చినా నష్టం లేదు. మాట అలా కాదు. "యాభై" వినిపించాల్సిన క్షణం దాటిపోయాక ఆ ప్యాకెట్ వచ్చినా పారేయడం తప్ప చేసేదేం లేదు. లేటుగా రావడమూ, అసలు రాకపోవడమూ మాటకు ఒక్కటే.

సంపు లెక్క

దీనికి ఇంజినీర్లు కనిపెట్టిన ఉపాయం మన ఇంటి ముందే ఉంది. నల్లా నీళ్లు ఎప్పుడూ ఒక తీరుగా రావు. ఒకసారి జోరుగా, ఒకసారి సన్నగా, కాసేపు బంద్. కానీ సంపు నింపుకుని, పైన ట్యాంకుకు ఎక్కించుకున్నాక వంటింట్లో నల్లా తిప్పితే ధార ఒక్క తీరుగా పడుతుంది. వచ్చేది ఎలా వచ్చినా పోయేది సమానంగా పోతుంది.

ఫోన్‌లో కూడా ఇలాంటి ట్యాంకు ఉంది. దాని పేరు జిట్టర్ బఫర్. వచ్చిన ప్యాకెట్లను వెంటనే వినిపించకుండా కొన్నిటిని కూడబెట్టి, ఆ తర్వాత 20 మిల్లీ సెకన్లకు ఒకటి చొప్పున వదులుతుంది. మధ్యలో ఒకటి లేటైనా నిల్వ ఉన్నదానితో నడిపిస్తుంది.

అయితే ఊరికే ఏదీ రాదు. ట్యాంకులో 60 మిల్లీ సెకన్ల మాట నిల్వ ఉందంటే ప్రతి మాటా 60 మిల్లీ సెకన్లు లేటుగా వినపడుతుంది. ట్యాంకు పెద్దదైతే మాట తెగదు, కానీ ఆలస్యం పెరుగుతుంది. చిన్నదైతే ఆలస్యం తగ్గుతుంది, కానీ మాట తెగుతుంది. మంచి యాప్‌లు ఈ ట్యాంకును లైను తీరును బట్టి క్షణక్షణం పెంచుతూ తగ్గిస్తూ ఉంటాయి. ట్యాంకు ఖాళీ అయితే ముందు వచ్చిన శబ్దాన్నే సాగదీసి ఖాళీని పూడుస్తాయి. మనకు గొంతు రోబో లాగా వినిపించేది అప్పుడే.

మొత్తం ఎంత ఆలస్యం వరకు ఫర్వాలేదు? ఐక్యరాజ్యసమితి కింద పనిచేసే ఐటీయూ సంస్థ జి.114 అనే సిఫారసులో ఒక లెక్క ఇచ్చింది. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీ సెకన్ల లోపు పడితే మామూలు సంభాషణకు ఇబ్బంది ఉండదు. నెట్‌వర్క్ కట్టేటప్పుడు 400 దాటనివ్వకూడదు.

నకిరేకల్ నుంచి జెడ్డా మాట చూద్దాం. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి జెడ్డా ఆకాశమార్గంలో సుమారు 4,100 కిలోమీటర్లు. తిన్నగా ఫైబర్ ఉంటే 20 మిల్లీ సెకన్లు చాలు. కేబుల్ సముద్రంలో చుట్టు తిరిగిపోతుంది కాబట్టి 30, 40 అనుకుందాం. మాటను ప్యాకెట్‌లో నింపడానికి 20. ట్యాంకులో 60. ఇటు వైఫై, అటు టవర్ దగ్గర వరుసలకు ఇంకో 30. అన్నీ కలిపితే 150 అంచుకు వచ్చేశాం. వరుసలు కాస్త పెరిగినా హద్దు దాటినట్టే.

దూరం మన చేతిలో లేదు. 2025 సెప్టెంబర్ 6న జెడ్డా దగ్గర ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగాయి. భారత్, పాకిస్తాన్, గల్ఫ్ దేశాల్లో ఇంటర్నెట్ నెమ్మదించింది. మధ్యప్రాచ్యం మీదుగా పోయే ట్రాఫిక్‌కు ఆలస్యం పెరుగుతుందని మైక్రోసాఫ్ట్ సంస్థ ప్రకటించింది. ట్రాఫిక్‌ను వేరే దారుల్లో మళ్లించారు కాబట్టి ఆగిపోలేదు, లేటయింది. అలాంటి రోజుల్లో కొడుకు జవాబు ఆలస్యమైతే అది వాడి మనసులో మాట కాదు, సముద్రం అడుగున తెగిన తీగ మాట.

గడియారం లేని దారి

ఇప్పటిదాకా చెప్పింది స్మార్ట్‌ఫోన్ సంగతి. మన నానీ, దాదీల చేతిలో ఉన్న కీప్యాడ్ ఫోన్ సంగతి ఇంకా చిక్కు. అది 2జీ మీద నడుస్తుంది. 2జీ టవర్లు తయారైంది సర్క్యూట్ కాలంలో. వాటికి కావాల్సింది ఆ 32 సీట్ల ఈ-వన్ బస్సే. కానీ టవర్ వెనుక లైన్లు ప్యాకెట్లకు మారుతూ వచ్చాయి. అందుకని ఈ-వన్ బిట్లను యథాతథంగా ప్యాకెట్లలో మూటగట్టి, అవతల విప్పి, మళ్లీ ఈ-వన్ లాగా అందిస్తారు. దీన్ని సర్క్యూట్ ఎమ్యులేషన్ అంటారు. దీని ప్రమాణాలు 2006లో ఆర్‌ఎఫ్‌సీ 4553గా, 2007లో ఆర్‌ఎఫ్‌సీ 5086గా వచ్చాయి. మూటకు 256 బైట్లు పెడితే ఒక్కో దాంట్లో సరిగ్గా 1 మిల్లీ సెకను సరుకు ఉంటుంది. సెకనుకు 1,000 మూటలు.

ఇక్కడ జిట్టర్ ట్యాంకు ఒక్కటే చాలదు. ఈ-వన్ లైను బిట్లతో పాటు గడియారాన్ని కూడా మోసేది. బస్సులు టంచనుగా వస్తుంటే వాటిని చూసే అవతలివాడు తన గడియారం సరిచేసుకునేవాడు. ప్యాకెట్లు అలా రావు. కాబట్టి అటు గడియారం వేరు, ఇటు గడియారం వేరు.

తేడా చిన్నదే అనిపిస్తుంది. ఈ-వన్‌లో సెకనుకు 20 లక్షల 48 వేల బిట్లు పోతాయి. రెండు గడియారాల మధ్య 10 లక్షలకు 50 వంతుల తేడా ఉంటే సెకనుకు సుమారు 102 బిట్లు ఎక్కువ వస్తాయి. ట్యాంకులో 5 మిల్లీ సెకన్ల జాగా, అంటే 10,240 బిట్ల జాగా ఖాళీగా ఉందనుకోండి. 100 సెకన్లకు నిండి పొర్లిపోతుంది. అంటే ప్రతి 100 సెకన్లకు ఒకసారి కొంత సమాచారం పోతుంది. తేడా అటువైపు ఉంటే ట్యాంకు ఎండిపోతుంది. ట్యాంకు ఎంత పెద్దది కట్టినా ఈ జబ్బు పోదు, వాయిదా పడుతుంది అంతే.

మందు ఏమిటంటే ట్యాంకులో నీటిమట్టం చూస్తూ నల్లా సరిచేయడం. మట్టం పెరుగుతుంటే ఇటు గడియారాన్ని కాస్త వేగంగా, తగ్గుతుంటే కాస్త నెమ్మదిగా నడపాలి. కానీ జిట్టర్ వల్ల మట్టం అలల లాగా ఊగుతూ ఉంటుంది. ప్రతి అలకూ నల్లా తిప్పితే గడియారం పిచ్చి పట్టినట్టు తిరుగుతుంది. అందుకే చాలాసేపటి సగటు చూసి మెల్లగా సరిచేస్తారు. ఇది చాలదనుకున్న చోట ఫైబర్ వెలుగు లయతోనే గడియారాన్ని పంపుతారు, లేదా టైం రాసిన ప్రత్యేక ప్యాకెట్లు పంపుతారు, లేదా టవర్ మీద జీపీఎస్ పెడతారు.

2జీ టవర్ ఫ్రీక్వెన్సీలో తేడా 100 కోట్లకు 50 వంతులు దాటకూడదు. 900 మెగాహెర్ట్జ్ మీద అది 45 హెర్ట్జ్ మాత్రమే. పక్కపక్క టవర్లు ఈ హద్దు దాటి తప్పితే, బస్సులో పోతూ ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కు మారేటప్పుడు కాల్ తెగిపోవచ్చు. సిగ్నల్ నిండుగా కనిపిస్తుంది, అయినా లైను కట్. అలా జరగడానికి కారణాలు చాలా ఉంటాయి. గడియారం వాటిలో కంటికి కనిపించనిది.

కరెంటు సరఫరాలో ఇది ప్రాణం మీది మాట. పెద్ద లైనుకు రెండు చివర్లా ఉండే రిలేలు కరెంటు కొలతలు పంచుకుని, తేడా వస్తే లైను తెంచేస్తాయి. పోవడానికి 2 మిల్లీ సెకన్లు, రావడానికి 4 పడితే రిలే సగం సగం అనుకుని 1 మిల్లీ సెకను తప్పు లెక్క వేస్తుంది. 50 హెర్ట్జ్ కరెంటులో అది 18 డిగ్రీల తేడా. ఏ లోపం లేకపోయినా లోపం ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే అలాంటి లైన్లకు ఆలస్యం తక్కువగా ఉంటే సరిపోదు, రెండు వైపులా సమానంగా ఉండాలి.

మన ఇంట్లో ఏం చేయగలం?

ముందు జబ్బు ఏదో గుర్తుపట్టండి. ఇద్దరూ ఒకేసారి మాట్లాడేస్తుంటే అది డిలే. గొంతు రోబోలాగా అవుతుంటే, అక్షరాలు మింగేస్తుంటే అది జిట్టర్, లేదా ప్యాకెట్లు పోవడం. మన గొంతు మనకే తిరిగి వినపడుతుంటే సాధారణంగా అది అవతలివాళ్ల స్పీకర్ నుంచి మైకులోకి పోతున్న శబ్దం. వాళ్లను స్పీకర్ తగ్గించమనండి.

పెద్ద ప్లాన్ వేయించుకుంటే బాగవుతుందని తొందరపడకండి. ఒక మాట కాల్‌కు అటూ ఇటూ దాదాపు 80 కిలోబిట్లు చాలు. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో అలాంటివి వెయ్యికి పైగా పడతాయి. లోటు స్పీడులో కాదు, వరుసలో ఉంది. స్పీడ్ టెస్ట్ పెట్టినప్పుడు ఎంబీపీఎస్ కాకుండా పింగ్, జిట్టర్ అంకెలు చూడండి. జిట్టర్ 30 మిల్లీ సెకన్ల లోపు ఉంటే మాట బాగానే నడుస్తుంది.

కాల్ నడుస్తున్నప్పుడు ఫోటోల బ్యాకప్, వీడియో అప్‌లోడ్ ఆపండి. అప్‌లోడ్ స్పీడ్ 10 ఎంబీపీఎస్ ఉండి, రౌటర్‌లో 1 ఎంబీ వరుస కట్టిందంటే మీ మాట 0.8 సెకను ఆగాలి. పిల్లలు వేరే గదిలో వీడియో పంపుతుంటే ఇక్కడ అమ్మీ మాట లేటవడానికి కారణం ఇదే.

వైఫై డబ్బా దగ్గరికి వచ్చి మాట్లాడండి. 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉంటే అది వాడండి. లైను బాగా లేనప్పుడు వీడియో ఆపి మాట ఒక్కటే ఉంచండి. కొన్ని దేశాల్లో ఇది చట్టం సంగతి కూడా. సౌదీ 2017 సెప్టెంబర్‌లో ఇంటర్నెట్ కాల్స్ మీద నిషేధం సడలించింది. యూఏఈలో వాట్సాప్ కాల్స్ మీద ఏళ్లుగా ఆంక్షలు ఉన్నాయి. అక్కడ కాల్ అసలే కలవకపోతే తప్పు మీ రౌటర్‌ది కాదు.

డబ్బుల మాట, తేదీల మాట, మందుల పేర్లు ఉంటే అవతలివాళ్లతో తిరిగి చెప్పించుకోండి. "యాభై వేలు, ఐదు సున్నా, అవునా?" అని అడిగి, ఆ తర్వాత మెసేజ్ కూడా పెట్టించండి. ఒక మాట పూర్తిగా చెప్పి రెండు క్షణాలు ఆగండి. పెద్దవాళ్లకు ఇది నేర్పడం మన పని.

దుకాణం, దవాఖాన, మదర్సాలో పాత లైన్లు ఫైబర్‌కు మారుస్తామని కంపెనీవాళ్లు వస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఆలస్యం, జిట్టర్ ఎంత మించవో రాసి ఇస్తారా? పాత ఎక్స్ఛేంజ్ డబ్బాకు గడియారం ఎక్కడి నుంచి అందుతుంది? కరెంటు పోతే ఫోన్ ఎంతసేపు నడుస్తుంది? మూడోది అందరూ మరిచిపోయేది. రాగి తీగ ల్యాండ్‌లైన్‌కు కరెంటు ఎక్స్ఛేంజీ బ్యాటరీల నుంచి వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోన్ మోగేది. ఫైబర్ డబ్బాకు మన ఇంటి కరెంటే కావాలి. చిన్న యూపీఎస్ పెట్టుకోకపోతే అర్ధరాత్రి 108కు చేయాల్సిన ఫోన్ చేయలేం.

సర్క్యూట్ కాలం మళ్లీ రాదు. నిమిషానికి పదుల రూపాయలు కట్టి, బూతు ముందు వరుసలో నిలబడి, గల్ఫ్‌కు మాట్లాడిన రోజులు ఎవరికీ వద్దు. ఇప్పుడు రోజూ మాట్లాడగలుగుతున్నాం. దానికి బదులుగా సీటు రిజర్వేషన్ వదులుకున్నాం. ఆ బేరం సంగతి తెలిస్తే చాలు. ఈసారి అటు నుంచి జవాబు ఒక క్షణం లేటైతే, అమ్మీ, ఇంకో క్షణం ఆగండి. మాట దారిలో ఉంది.